ఏడవని కన్నీళ్ళు

నవలలు రాసేవాళ్ళకి కన్నీళ్ళతో బేరం కొత్త కాదు. "మీ నవల చదివి దిండు తడిసిపోయిందండీ" అని ఏ పాఠకురాలైనా ఉత్తరం రాసిందంటే, ఆ రోజు మావారికి అడక్కుండానే రెండో కాఫీ దొరుకుతుంది. ఎవరు ఎప్పుడు ఎందుకు ఏడుస్తారో నాకు తెలుసునని ఇరవై ఏళ్ళుగా ఓ గర్వం. అలాంటి నేను, మూడేళ్ళపాటు నా ఎదురుగా కూర్చున్న మనిషి కంట్లోంచి నీళ్ళు కారుతుంటే ఎందుకని అడగలేదు. సిగ్గు విడిచి ఆ సంగతి చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

మేముండేది చంపాపేటలో. మా ఇంట్లో ఆడవాళ్ళందరి జాకెట్లూ కుట్టేది జల్‌పల్లి ఆపా. యాభై దాటిన మనిషి. చాంద్రాయణగుట్ట దాటి, పహాడీ షరీఫ్ దారిలో ఉంది వాళ్ళ ఊరు. పాతబస్తీకి దక్షిణపు అంచు. బట్టలమూట చంకన పెట్టుకుని, రెండు ఆటోలు మారి, నెలకోసారి వస్తుంది. కూర్చుని కొలతలు రాసుకుంటూనే దుపట్టా కొంగుతో ఎడమ కన్ను ఒత్తుకుంటుంది. భర్త పోయిన ఏడాదే అది మొదలైంది. అందుచేత మేమంతా, "పాపం, ఇంకా మరిచిపోలేకపోతోంది" అనుకున్నాం. ఒకసారి మా అత్తయ్యగారు ఓదార్చబోతే ఆపా నవ్వేసింది కూడాను.

"ఏడుస్తలేనమ్మా. ఊకెనే నీళ్ళొస్తయి."

అంత స్పష్టంగా చెప్పినా మాకు ఎక్కలేదు. ఏ మనిషైనా ఒక్క కంటితో ఏడుస్తుందా? ఆ చిన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నవలలు రాసే నాకు అసలే తోచలేదు.

ఓ నెల ఆపా రాలేదు. ఫోన్ చేస్తే మనవరాలు ఎత్తి, "నానీకి కన్ను వాచింది" అంది. ఆటో ఎక్కి వెళ్ళాను. గుమ్మంలోనే గుండె ఝల్లుమంది. ముక్కుకీ ఎడమ కంటికీ మధ్య రేగుపండంత గడ్డ, ఎర్రగా మెరుస్తోంది. రెప్పలు విడటం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఆ గడ్డ అప్పటికి రెండోసారి లేచిందట! మొదటిసారి దగ్గర్లోని ఓ చిన్న దవాఖానాలో కోసి చీము తీశారు. వారంలో తగ్గింది. ఆరు నెలలకి మళ్ళీ అదే చోట ఊరింది. "మా నానీ చెప్తుండె, కంటి మూల గడ్డ ఊకె పగిలితే నాసూర్ అయితదని" అంది ఆపా, భయంగా.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ గడ్డని చూసి, మొట్టమొదట అడిగిన మాట గడ్డ గురించి కాదు. "అమ్మా, ఈ కన్ను ఎన్నాళ్ళ నుంచి నీరు కారుతోంది?" అంది. ఆపా నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

నేను బి.ఏ. చదివినదాన్ని. సైన్సంటే ఆమడ దూరం. అయినా ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. కంటి గురించీ, కన్నీటి గురించీ దొరికినవన్నీ చదివాను. చదివాక తెలిసిందేమంటే, ఆ డాక్టరమ్మ వేసిన ప్రశ్న వైద్యులకు తట్టడానికి మూడున్నర వేల ఏళ్ళు పట్టిందని!

ముందు కన్నీటి దారి చూద్దాం. జల్‌పల్లికి చెరువుంది కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. కన్నీరు పుట్టే గ్రంథి కంటికి పైన, బయటివైపు, కణత దిక్కున ఉంటుంది. అక్కడి నుంచి నీరు కంటిని తడుపుతూ ముక్కు వైపుకి వస్తుంది. అద్దంలో మీ కింది రెప్పని కాస్త లాగి చూసుకోండి. ముక్కు దగ్గరి చివర సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది. పై రెప్పకీ అలాంటిదే ఇంకోటి. ఇవీ తూములు. తూముల్లోంచి సన్నటి కాలువలు, ఆ కాలువలు కలిసేచోట కన్నీటి సంచి, సంచి నుంచి ఎముక గుండా ముక్కులోకి దిగే పెద్ద కాలువ. మనం ఏడ్చినప్పుడు ముక్కు చీదుకోవడం, కంట్లో వేసిన చుక్కల చేదు గొంతుకి తగలడం అందుకే. మామూలు వేళ రోజంతా ఊరే కన్నీరు అర చెంచాకి అటూ ఇటూ. ఏ చప్పుడూ లేకుండా వచ్చి, ఏ చప్పుడూ లేకుండా పోతుంది.

ఆ పెద్ద కాలువ పూడిపోతే? ఏ చెరువు కింది రైతునడిగినా చెబుతాడు. నీరు నిలుస్తుంది, పాచి పడుతుంది, కంపు కొడుతుంది. 2020 అక్టోబరు వానలకు జల్‌పల్లి చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు ఆపా వాళ్ళు స్వయంగా చూశారు, పోయే దారి లేని నీరు ఏం చేస్తుందో. కంటి మూలలోనూ అంతే. ముందు నీరు చెంప మీదికి పొర్లుతుంది. తరువాత సంచిలో నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. అదే గడ్డ. కణత దిక్కున ఉన్న గ్రంథికి కూడా అరుదుగా చీము పట్టి, పై రెప్ప మీదుగా కోసి తీయాల్సి వస్తుంది. కానీ జనం కన్నీటి గడ్డ అని చెప్పుకునేది ఎక్కువగా ఈ ముక్కు పక్కదే.

దీనికి కత్తి పెట్టడం ఎంత పాత విద్య అనుకున్నారు! క్రీస్తుకు పూర్వం సుమారు 1750లో బాబిలోనియాను ఏలిన హమ్మురాబి రాతిమీద చెక్కించిన శాసనంలో, కంటి దగ్గరి గడ్డని కంచు కత్తితో కోసి కన్ను కాపాడిన వైద్యుడికి ఇవ్వాల్సిన రుసుం ఉంది. దొర కన్నయితే పది షెకెళ్ళ వెండి, సామాన్యుడిదయితే అయిదు, బానిసదయితే యజమాని రెండు ఇవ్వాలి. దొర కన్ను పోయిందో, వైద్యుడి చేతులు నరికేస్తారు! ఆ గడ్డ కన్నీటి సంచిదేనని కొందరు పండితులు, కాదని కొందరు వాదించుకుంటారు. ఏదైనా, ఆ శాసనం కింద కంటిమీద కత్తి పెట్టినవాడి గుండెధైర్యానికి దండం పెట్టాలి.

మన సుశ్రుతుడు డెబ్బయ్యారు కంటి రోగాలు లెక్కపెట్టాడు. అందులో కంటి సంధుల్లో వచ్చేవి తొమ్మిది. ముక్కు వైపు సంధిలో వాచి, పక్వమై, చీము కారేదానికి పూయాలసం అని పేరు పెట్టాడు. పూయమంటే చీము. రక్తం తీయించి, పట్టు వేసి, అంజనాలు పెట్టమన్నాడు. అయితే కంట్లోంచి ఎడతెగకుండా కారే స్రావాలున్నాయే, ఆ నాలుగింటినీ అసాధ్యాల్లో చేర్చాడు. అంతటి మహానుభావుడు, ముక్కులు కోసినవాళ్ళకి కొత్త ముక్కు అతికే విధానం రాసినవాడు, ఇక్కడ మాత్రం చేతులెత్తేశాడు. చీమును చూడగలిగాడుగానీ, నీరు ఎటు పోవాలో ఆ దారి ఆనాడు ఎవరికీ కనిపించలేదు.

రోములో మొదటి శతాబ్దపు సెల్సస్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పుండుని కొక్కెంతో పట్టి ఎముక దాకా కోసి, కాల్చిన ఇనుముతో వాత పెట్టమన్నాడు. వెయ్యేళ్ళ తర్వాత స్పెయిన్‌లో అల్ జహ్రావీ, బాగ్దాదులో అలీ ఇబ్న్ ఈసా వంటి వైద్యులు ఈ రోగాన్ని ఇంకా ఓపిగ్గా వర్ణించారు. మానకుండా కారుతూ ఉండే పుండుకి వాళ్ళ మాట నాసూర్. ఆ విద్యే యునానీగా మన దక్కనుకి వచ్చింది. చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఇవాళ్టికీ ఉంది. జల్‌పల్లి ఇంట్లో ఆపా నోటివెంట నేను విన్న మాట ఎంత దూరం నడిచి వచ్చిందో చూడండి! కానీ చికిత్స మాత్రం అదే. వాత పెట్టడం.

ఈ వాత తప్పిన ఓ పదేళ్ళ పిల్ల కథ చెబుతాను. ఫ్రాన్సులో మహా గణితవేత్త పాస్కల్ ఉన్నాడు కదా, ఆయన మేనగోడలు మార్గెరీత్ పెరియే. మూడున్నరేళ్ళుగా ఎడమ కంటి మూల నాసూర్. చీము ముక్కులోకీ నోట్లోకీ కూడా వచ్చేదట. తోటిపిల్లలకి దూరంగా ఉంచేవారట. వాత పెట్టడం తప్పదని వైద్యులు నిశ్చయించారు. ఈలోగా 1656 మార్చి 24న, పోర్ట్ రాయల్ మఠంలో క్రీస్తు ముళ్ళకిరీటంలోదని భక్తితో దాచుకున్న ఓ ముల్లుని ఆ కంటికి తాకించారు. గడ్డ తగ్గిపోయింది. దేశమంతా మహిమ అంది. సంచిలోని చీము తనంతట తానే లోపలివైపు దారి చేసుకుని ముక్కులోకి జారిందేమోనని నేటి లెక్కన మనం ఊహించుకోవచ్చు. ఆ విశ్వాసం జోలికి నేను పోను. నాకు గుర్తుండిపోయింది ఆ పిల్ల. ఎర్రగా కాలే ఇనుము కోసం ఎదురుచూస్తూ ఎన్ని రాత్రులు గడిపిందో! వాత తప్పించుకున్న ఆ పిల్ల 1733 దాకా, ఎనభయ్యేడేళ్ళు బతికింది.

ఆవిడ బతికుండగానే అసలు సంగతి బయటపడింది. 1702లో జర్మనీ వైద్యుడు స్టాల్, రోగం పుండులో లేదు, ముక్కులోకి పోయే కాలువ పూడిపోవడంలో ఉంది అన్నాడు. పదేళ్ళు తిరిగేసరికి ఫ్రెంచి శస్త్రవైద్యుడు దొమినీక్ అనెల్, ఇటలీలో ఓ మతగురువుకి కత్తీ వాతా లేకుండా వైద్యం చేసి చూపించాడు. కంటి తూములోంచి వెంట్రుకంత వెండి పుల్ల దూర్చి, బుల్లి పిచికారీతో నీళ్ళు కొట్టి కాలువ కడిగాడు. తరువాత సవాయ్ రాజకుటుంబపు రాణిగారికీ అదే వైద్యం చేశాడు. ఇవాళ కంటి ఆసుపత్రిలో మన కంటి మూల నీళ్ళు కొట్టి, "గొంతులోకి వచ్చాయా?" అని అడుగుతారు చూడండి, అది ఆయన పెట్టిన భిక్షే.

పుల్లతో తెరుచుకోని కాలువల మాటేమిటి? ఫ్లోరెన్సులో అడెయో తోతి అనే వైద్యుడు 1904లో దానికీ ఉపాయం కనిపెట్టాడు. పాత కాలువతో కుస్తీ మానేసి, సంచి పక్కనే ముక్కు ఎముకలో చిన్న కిటికీ తీసి, నీటికి కొత్త దారి ఇచ్చాడు. 1921లో ఇద్దరు ఫ్రెంచి వైద్యులు సంచి పొరనీ ముక్కు పొరనీ కలిపి కుట్టి, ఆ దారి మూసుకుపోకుండా చేశారు. కుట్టుపని తెలిసిన మనకి అది బాగా అర్థమవుతుంది. చిల్లు పెట్టగానే సరిపోదు, అంచు మడిచి కుడితేనే కాజా నిలుస్తుంది.

అన్నట్టు, ఈ కథలో మన హైదరాబాదు పాత్ర తక్కువేం కాదు. కత్తి సాగాలంటే నొప్పి తెలియకూడదు కదా. క్లోరోఫారం ఎంత భద్రమో తేల్చడానికి 1888లోనూ 1889లోనూ రెండు కమిషన్లు కూర్చున్నది మన నగరంలోనే, ఆరో నిజాం కాలంలో, ఎడ్వర్డ్ లారీ పూనికతో. ఆయన తీర్మానాలన్నీ తర్వాత నిలవలేదు. కానీ ఆయన దగ్గర హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ, మత్తు ఇచ్చిన తొలి మహిళా వైద్యుల్లో ఒకరుగా ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. ఇంకొక సంగతి. కంటి మూల నుంచి రక్తనాళాలు తలలోకి పోతాయి. పూర్వం అక్కడి చీము మెదడుకి పాకితే ప్రాణాలే పోయేవి. ఆ భయాన్ని తగ్గించింది యాంటీబయాటిక్ మందులు. అందులో 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్‌ను వెలికితీసిన అమెరికా ప్రయోగశాలకు పెద్ద ఎవరనుకున్నారు? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందుని వచ్చిన ఏడాదే కంటి రోగాలకి వాడి చూశారు.

ఇప్పుడు సరిగ్గా ఈ కన్నీటి కాలువల మీదే బతుకంతా వెచ్చించే వైద్యశాస్త్రం ఒకటుంది. డాక్రియాలజీ అంటారు. గ్రీకులో డాక్రియోన్ అంటే కన్నీటి చుక్క. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. అందులో పనిచేసే డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి 2019లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఖండాలు తిరిగిన నాసూర్ కథ చివరికి మన ఊళ్ళోకే వచ్చి కూర్చుందన్నమాట.

మళ్ళీ మా ఆపా దగ్గరికి వద్దాం. గడ్డ మీద చిన్న గాటు పెట్టి చీము తీశారు. సాయంత్రానికే నొప్పి సగం తగ్గింది. ఆపా మొహం తేటపడింది, మూట సర్దుకోబోయింది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "చీము తీయడం ఇవాళ్టి నొప్పికి. మళ్ళీ రాకుండా ఉండాలంటే దారి వేయాలి. వాపు పూర్తిగా తగ్గాక రండి" అని మందులిచ్చి పంపింది. వాపు మీద ఉండగా పుల్ల దూర్చడంగానీ, ఇంట్లో గడ్డని నొక్కడంగానీ చేయకూడదట. మొదటి దవాఖానాలో జరిగిన పొరపాటు కోయడం కాదు. కోసి ఊరుకోవడం.

నెలన్నర తర్వాత ఆపరేషన్ జరిగింది. తోతి చెప్పిన కిటికీయే, కాకపోతే ఇప్పుడు ముక్కులోంచి దుర్భిణితో చూస్తూ, మొహం మీద గాటు లేకుండా కూడా చేస్తున్నారు. నూటికి తొంభై మందికి పైగా బాగవుతుందట. ఆసుపత్రి వరండాలో కూర్చుని లెక్కపెట్టాను. మాతోపాటు ఎదురుచూస్తున్నవాళ్ళలో మగవాళ్ళు ఇద్దరు, ఆడవాళ్ళు తొమ్మిది మంది. అడిగితే డాక్టరమ్మ నవ్వింది. ఈ కాలువ పూడటం నలభై దాటిన ఆడవాళ్ళలోనే ఎక్కువట. మన ఎముకలో కాలువ కాస్త ఇరుకు కావడం కారణాల్లో ఒకటంటారు. రెండో కారణం ఎవరూ పుస్తకంలో రాయలేదుగానీ నేను చెబుతాను. మగవాడి కంట్లో నీరు కారితే రోగమనుకుని డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆడదాని కంట్లో కారితే ఏడుపనుకుని ఊరుకుంటారు. లేదా పొయ్యి పొగ అంటారు, ఉల్లిపాయ అంటారు. ఆఖరికి ఆవిడా అదే అనుకుంటుంది.

చంటిపిల్లల తల్లులకి ఒక మాట. పసిబిడ్డ కంట్లో ఊరికే నీరు ఊరి, పుసులు కడుతుంటే బెంగపడి పసర్లు పోయకండి, చనుబాలు పిండకండి. కాలువ చివర సన్నటి పొర ఇంకా విచ్చుకోకపోవడం దానికి మామూలు కారణం. కంటి మూల నుంచి ముక్కు వెంబడి కిందికి వేలితో మర్దన చేసే పద్ధతిని 1923లో క్రిగ్లర్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. దాన్ని డాక్టరు దగ్గర చూసి నేర్చుకోండి. నూటికి తొంభై మంది పిల్లలకి ఏడాది తిరిగేలోగా తగ్గిపోతుంది. కంటి మూల ఎర్రబడి వాస్తే మాత్రం ఆగకూడదు. ఆ రోజే చూపించాలి.

మొన్న ఆపా మనవరాలి పెళ్ళికి జల్‌పల్లి వెళ్ళాను. పిల్లని పంపించేవేళ ఆపా వెక్కివెక్కి ఏడ్చింది, రెండు కళ్ళతోనూ. నేనూ ఏడ్చాను. కాసేపటికి కారు మలుపు తిరిగింది. ఆపా దుపట్టాతో మొహం తుడుచుకుని, వేలితో ఎడమ కంటి మూల తడిమి చూసుకుంది. తడి లేదు. నా చెయ్యి పట్టుకుని అంది.

"చూసినవా అమ్మా, ఏడుపు ఆగితే నీళ్ళు గూడ ఆగినయి."